చిన్న కుబోటాకు గ్రాపుల్: గట్టిదనం కన్నా ముందు బరువు చూసుకోవాలి

25 హెచ్‌పీ ట్రాక్టరుకు గ్రాపుల్ కొనబోయేవారు సాధారణంగా అమ్మకందారును మొదట అడిగేది, అది ఎంత గట్టిదని. ఆస్టిన్ నగరానికి పడమట, టెక్సస్ హిల్ కంట్రీలోని మా కొద్ది ఎకరాల నేలలో కుబోటా ఎల్2501 ట్రాక్టరుకు తగిలించి వాడుతున్నవాడిగా చెబుతున్నాను: ముందుగా అడగవలసింది అది ఎంత బరువుంటుందని. స్కిడ్ స్టీర్ యంత్రాల (ఉన్నచోటే తిరగగలిగే, బలమైన చిన్న లోడర్ల) కోసం చేసిన దిట్టమైన గ్రాపుల్ షోరూములో ఎంత ముచ్చటగా కనిపించినా, దాన్ని చిన్న ట్రాక్టరుకు తగిలిస్తే లోడర్ శక్తిలో ఎక్కువ భాగం ఆ ఉక్కును మోయడానికే సరిపోతుంది. నేను చివరికి తీసుకున్నది 48 అంగుళాల వెడల్పు, ఒకే పై దవడ ఉన్న తేలిక రకం. దాని మంచిచెడులతో పాటు, దాన్ని ఎంచుకోవడానికి వేసుకున్న లెక్కలు కూడా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ పరికరాన్ని చూడనివారి కోసం రెండు మాటలు. ట్రాక్టరు ముందుండే లోడర్‌కు బకెట్ తీసేసి, దాని స్థానంలో వంగిన ఉక్కు పళ్ళ వరుసను తగిలిస్తారు. దాని మీద హైడ్రాలిక్ సిలిండర్‌తో తెరుచుకుని మూసుకునే పై దవడ ఉంటుంది. కొట్టేసిన చెట్లు, కొమ్మలు, దుంగలు, రాళ్ళు, పాత కంచె స్తంభాలు వంటి బకెట్‌లో ఇమడని సరుకునంతా పట్టుకుని మోసుకుపోవడం దీని పని. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇలాంటి పనికి గంటల లెక్కన జేసీబీని పిలిపిస్తారు కనుక అక్కడి రైతులకు దీని అవసరం పెద్దగా పడలేదు. ఇక్కడ కూలీ, యంత్రం అద్దె రెండూ ప్రియమే కావడంతో, నాలుగెకరాలు కొని ఒక చిన్న ట్రాక్టరు పెట్టుకున్న తెలుగువారు కూడా ఎప్పుడో ఒకప్పుడు దీని ధర వాకబు చేయక తప్పడం లేదు. మా నేలలో దీనికి పని కల్పించేవి మూడు: ఇక్కడివారు సీడర్ అని పిలిచే యాష్ జూనిపర్ పొదలు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ చెట్లు, పలచటి మట్టిపొర కింద నుంచి పైకి తేలే సున్నపురాళ్ళు.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఎల్2501కు వచ్చే ఎల్ఏ525 లోడర్ ఎత్తగలిగే బరువు సుమారు 1,100 పౌండ్లు, అంటే దాదాపు 500 కిలోలు. అయితే ఆ అంకెను బకెట్ తగిలే పిన్నుల దగ్గర, చేతులు పూర్తిగా పైకి లేచిన ఎత్తులో కొలుస్తారు. బరువు పిన్నుల నుంచి ముందుకు జరిగే కొద్దీ లోడర్ ఎత్తగలిగేది తగ్గిపోతుంది కాబట్టి, చాలా కంపెనీలు పిన్నులకు 500 మిల్లీమీటర్ల ముందు కొలిచిన మరొక అంకెను కూడా బ్రోచరులో ఇస్తాయి. గ్రాపుల్ కొనేవారు చూసుకోవలసింది ఆ రెండో అంకెనే, ఎందుకంటే గ్రాపుల్‌లో పడే దుంగ ఎప్పుడూ పిన్నులకు అడుగున్నర, రెండడుగుల ముందే కూర్చుంటుంది. ఈ తరగతి లోడర్లకు అది పిన్నుల దగ్గరి అంకెలో ముప్పాతికకు దగ్గరగా ఉంటుందని మోటుగా అనుకోవచ్చు. అంటే చేతిలో ఉన్నది సుమారు 850 పౌండ్లు. అందులో 400 పౌండ్ల గ్రాపుల్ పోతే సరుకుకు 450 మిగులుతుంది. 700 పౌండ్ల గ్రాపుల్ తగిలిస్తే మిగిలేది 150. ట్రాక్టరు అదే, డీజిలు అదే, డ్రైవరు అదే, మోసే కట్టె మాత్రం మూడో వంతుకు పడిపోతుంది. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు లోడర్ ఇంతకన్నా కొంత ఎక్కువే లేపుతుంది గాని, దుంగలను ట్రెయిలర్‌లోకి ఎక్కించాలన్నా, కుప్ప మీద కుప్ప వేయాలన్నా పై ఎత్తులోని అంకెకే కట్టుబడాలి.

450 పౌండ్లంటే ఎంత కట్టె? అడుగు మందం, ఎనిమిదడుగుల పొడవు ఉన్న దుంగ ఘనపరిమాణం ఆరుంబావు ఘనపుటడుగులు. పచ్చి లైవ్ ఓక్ కట్టె ఘనపుటడుగుకు 70 పౌండ్లకు తగ్గదు కాబట్టి, ఆ దుంగ ఒక్కటే 440 పౌండ్ల దాకా తూగుతుంది. అదే పొడవులో మందం అడుగున్నర అయితే బరువు రెండింతలు దాటి వెయ్యి పౌండ్లకు చేరుకుంటుంది. దాన్ని ముందు రంపంతో రెండు మూడు ముక్కలు చేసుకోవలసిందే. సున్నపురాయి ఇంకా మోసగిస్తుంది. రెండడుగుల చదరం, అడుగు మందం ఉన్న రాయి చూడటానికి చిన్నదే అయినా 600 పౌండ్లు ఉంటుంది. ఈ అంకెలు తెలిసి ఉంటే గ్రాపుల్ పళ్ళు అర అంగుళం మందమా, ముప్పావు అంగుళం మందమా అన్న చర్చ చాలావరకు అనవసరమవుతుంది. పళ్ళు వంగే లోపే లోడర్ చేతులెత్తేస్తుంది. బీఎక్స్2380 వంటి ఇంకా చిన్న ట్రాక్టరుకైతే పిన్నుల దగ్గరి అంకె 739 పౌండ్లే కనుక, ఆ తరగతి వారు 300 పౌండ్లు దాటిన ఏ గ్రాపుల్ వైపూ చూడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వెడల్పు విషయంలో బకెట్‌కు వర్తించే నియమం దీనికి వర్తించదు. బకెట్ రెండు చక్రాల వెడల్పునూ కప్పాలి, లేకపోతే నేల చదును చేసేటప్పుడు చక్రాల దారి మిగిలిపోతుంది. గ్రాపుల్‌కు ఆ బాధ లేదు, కొమ్మలు ఎలాగూ రెండు పక్కలా బయటికి వేలాడుతూనే ఉంటాయి. పైగా చెట్ల మధ్యకు దూరడానికి ఇరుకైనదే నయం. రెండు విడి దవడలున్న రకం గురించి అమ్మకందారులు గొప్పగా చెబుతారు. ఒక పక్క లావు మొద్దు, మరో పక్క సన్నటి కొమ్మలు పడినప్పుడు ఏ దవడ ఆ పక్క సరుకును విడిగా బిగిస్తుందన్నది నిజమే, 60 అంగుళాలకు పైబడిన వాటికి అది అవసరం కూడా. 48 అంగుళాల దానికి మాత్రం రెండో దవడ, రెండో సిలిండర్, అదనపు హోసులు అన్నీ కలిసి బరువు పెంచడమే గాని, నాకు పట్టులో తేడా కనిపించలేదు. పళ్ళ మధ్య సందు ఎంతన్నది అంతకన్నా ముఖ్యం: సందు ఎక్కువైతే మట్టి, గులకరాళ్ళు రాలిపోయి కట్టె శుభ్రంగా వస్తుంది, తక్కువైతే చిన్న పుల్లలు కూడా నిలుస్తాయి. కుప్ప వేసి కాల్చేవారికి మట్టి లేని కట్టె కావాలి కనుక నేను సందు ఎక్కువున్న దానివైపే మొగ్గాను. ఉక్కు రకాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి. ఎక్కువ బలమున్న ఉక్కును అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల మందంలో వాడి, పళ్ళ మధ్య అడ్డుపట్టీలు వెల్డింగు చేసిన గ్రాపుల్, మామూలు ఉక్కుతో అర అంగుళం మందంలో చేసిన దానికన్నా తేలికగా ఉండి అంత పనీ చేస్తుంది.

తగిలించే పద్ధతిలో ఎక్కువ ట్రాక్టర్లు ఇప్పుడు స్కిడ్ స్టీర్ క్విక్ అటాచ్ అనే ఉమ్మడి కొలతలనే అనుసరిస్తున్నాయి. కుబోటా రెండు లివర్ల కప్లర్ (పరికరాన్ని లోడర్‌కు పట్టి ఉంచే బిగింపు) కూడా అదే. జాన్ డీర్ చిన్న ట్రాక్టర్లకు మాత్రం సొంత కొక్కెం పద్ధతి ఉంది. దానికి అడాప్టర్ దొరుకుతుంది గాని, అడాప్టర్ బరువు ఒకటి, అది గ్రాపుల్‌ను మరికొన్ని అంగుళాలు ముందుకు నెట్టడం మరొకటి, రెండూ పైన చెప్పిన లెక్కలోంచే కోసుకుపోతాయి. కాబట్టి జాన్ డీర్ ఉన్నవారు నేరుగా ఆ కొక్కేలతోనే వచ్చే గ్రాపుల్ తీసుకోవాలి. తగిలించిన ప్రతిసారీ కప్లర్ కింది అంచున రెండు పిన్నులూ రంధ్రాల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయో లేదో దిగి, వంగి, కంటితో చూడాలి. లివర్లు పడినంత మాత్రాన పిన్నులు దిగినట్టు కాదు. పై అంచు పట్టుకుని కింద పిన్ను దిగని గ్రాపుల్ నేల మీద బాగానే ఉన్నట్టు కనిపించి, బరువెత్తి ముందుకు వంచగానే ఊడి పడుతుంది.

హైడ్రాలిక్ ఏర్పాటు గురించి కొంచెం ఎక్కువే రాయాలి, ఎందుకంటే చాలామంది గ్రాపుల్ ధర ఒక్కటే చూసుకుని బడ్జెట్ వేసుకుంటారు. మామూలు లోడర్‌కు రెండే కదలికలు, చేతులు లేపి దించడం ఒకటి, బకెట్ వంచడం రెండోది. పై దవడను కదిలించడానికి మూడో నూనె దారి కావాలి. దానికి మూడు మార్గాలున్నాయి. వెనక ఉండే రిమోట్ వాల్వుల నుంచి ముందుకు హోసులు లాక్కోవడం అన్నిటికన్నా చవక, కాని దవడ మూయడానికి ప్రతిసారీ లోడర్‌ను నడిపే జాయ్‌స్టిక్ మీద నుంచి చెయ్యి తీయాలి. రెండోది డైవర్టర్ వాల్వు: జాయ్‌స్టిక్ మీద మీట నొక్కి పట్టుకుంటే, బకెట్ వంచే నూనె దవడకు మళ్ళుతుంది, అంటే దవడ కదులుతున్నంతసేపు గ్రాపుల్‌ను వంచడం కుదరదు. మూడోది అసలైన థర్డ్ ఫంక్షన్ వాల్వు, దీనికి పంపు నుంచి నూనె విడిగా వస్తుంది కాబట్టి వంచుతూనే బిగించవచ్చు. స్ప్రింగులా ఎగిరే జూనిపర్ కొమ్మల కుప్పను లేపేటప్పుడు, గ్రాపుల్‌ను వెనక్కి వంచుతూ అదే సమయంలో దవడతో అదిమితేనే కుప్ప జారదు. నేను థర్డ్ ఫంక్షన్ ఎంచుకున్నది అందుకే. చిన్న ట్రాక్టరు పంపు ఇచ్చే నూనె తక్కువ కనుక రెండు కదలికలు ఒకేసారి జరిగితే రెండూ నెమ్మదిస్తాయి, అది సహజం. ఏడాదికి ఏ రెండు మూడు వారాంతాలో దుంగలు మోసుకునేవారికి డైవర్టర్ చాలు. అంతకు మించి ఖర్చు పెట్టమని నేను చెప్పను.

ఇక్కడే ఒక ఫిర్యాదు ఉంది. మా ట్రాక్టరుకు వాల్వు బిగించిన డీలరు కొటేషనులో థర్డ్ ఫంక్షన్ అని రాసి, దానికి తగ్గ ధరే తీసుకుని, డైవర్టర్ బిగించి పంపాడు. మీట నొక్కి ఉంచి జాయ్‌స్టిక్‌ను పక్కకు లాగితే దవడ మాత్రమే కదిలి గ్రాపుల్ కదలకపోవడంతో విషయం బయటపడింది. అడిగితే రెండూ ఒకటేనన్నాడు. కాగితం చూపించి, వాల్వు మార్పించుకోవడానికి చాలా ఓపిక కావలసి వచ్చింది. పేరు ఇక్కడ అనవసరం, ఇంకెవరైనా ఇలాగే చేయవచ్చు. డెలివరీ తీసుకునే ముందు డీలరు ఆవరణలోనే ఇంజను నడుస్తుండగా వంచుతూ బిగించి చూపించమని అడిగితే సరిపోతుంది. దానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. ధరల మాటకొస్తే, నేను వాకబు చేసిన చోట్ల తేలిక రకం గ్రాపుళ్ళు 1,500 నుంచి 3,000 డాలర్ల మధ్య ఉన్నాయి, థర్డ్ ఫంక్షన్ కిట్టు వెయ్యి డాలర్ల చుట్టుపక్కల, బిగింపు కూలి విడిగా. అంటే చవక గ్రాపుల్ దొరికిందని సంబరపడేవారు నూనె దారికి కూడా దాదాపు అంత ఖర్చు ఉందని ముందే లెక్క వేసుకోవాలి.

తయారీదారుల్లో ల్యాండ్ ప్రైడ్ పేరు కుబోటా డీలర్ల దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. కాన్సాస్‌లోని సలైనా పట్టణానికి చెందిన గ్రేట్ ప్లెయిన్స్ సంస్థను కుబోటా 2016లో కొన్నది, ల్యాండ్ ప్రైడ్ ఆ సంస్థదే. కుబోటా డీలరు దగ్గరే సర్వీసు, ట్రాక్టరుతో పాటే వాయిదాల మీద కొనుక్కునే వీలు దాని ప్రధానమైన సుగుణాలు. నార్త్ కరోలినాకు చెందిన ఎవ్రీథింగ్ అటాచ్‌మెంట్స్ వారి వికెడ్ రకం గ్రాపుల్, చిన్న ట్రాక్టర్లను దృష్టిలో పెట్టుకుని బరువు తగ్గించి చేసినదిగా పేరు తెచ్చుకుంది. ఆన్‌లైన్‌లో కొంటే లారీ మీద నుంచి దించుకునే బాధ్యత కొన్నవారిదే అవుతుందని గుర్తుంచుకోవాలి. లోడర్‌కు సరుకు లేపే ఫోర్కులు లేనివారు లిఫ్ట్‌గేట్ (సరుకును నేలకు దించే వెనక పలక) ఉన్న లారీ కావాలని ముందే రాయించుకోవడం మంచిది. హ్యూస్టన్ కేంద్రంగా ఇక్కడ వ్యాపారం చేస్తున్న మహీంద్రా ట్రాక్టరు మన పేరేనన్న అభిమానంతో కొన్నవారు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. వారికి కూడా ఇదే లెక్క: లోడర్ మోడలు చూడండి, 500 మిల్లీమీటర్ల అంకె అడగండి, అందులోంచి గ్రాపుల్ బరువు తీసేయండి.

పనిలో దీని తీరు ఎలా ఉందంటే, జూనిపర్ దగ్గర దీనికి సాటి లేదు. యాష్ జూనిపర్‌ను నేల మట్టానికి, ఆకుపచ్చ కొమ్మ ఒక్కటీ మిగలకుండా కోస్తే మళ్ళీ చిగురించదు. అందువల్ల రంపం ముందు నడిచి, గ్రాపుల్ వెనక వస్తే ఆ చోటు తేలిపోయినట్టే. పళ్ళ మొనలను నేలకు రెండంగుళాల పైన ఉంచి, నెమ్మదిగా కుప్పలోకి తోసుకుపోయి, దవడ దించగానే మనిషెత్తు పొద సగానికి అణగుతుంది. బకెట్‌తో ఇదే పని చేయబోతే పొద దొర్లుకుంటూ ముందుకు పోతుంది. జూనిపర్ కొమ్మలు చోటు ఆక్రమించినంతగా బరువు తూగవు కాబట్టి తేలిక గ్రాపుల్‌కు ఇంతకన్నా తగిన పని లేదు. కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటల మీద నిషేధం) లేని రోజుల్లో కాల్చడానికి కుప్ప వేసేటప్పుడు, పైకెత్తి రెండుసార్లు కుదిపితే మట్టి రాలిపోతుంది, కుప్ప తొందరగా అంటుకుంటుంది. బెరడు పట్టీలుగా ఊడే ముసలి జూనిపర్లను మాత్రం మేము ముట్టుకోలేదు. 1990లో అంతరించిపోతున్న జాతుల పట్టికలో చేరిన గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అనే పిట్ట ఆ బెరడుతోనే గూడు అల్లుకుంటుంది. ఓక్ చెట్ల కింద దూరేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది: ఓక్ విల్ట్ తెగులు భయంతో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్‌లకు గాయం చేయవద్దని ఇక్కడి అటవీ శాఖ చెబుతుంది. పై దవడ తెరిచి ఉంచి నడిపితే అది గీసుకునేది సరిగ్గా ఆ కొమ్మలనే.

మెస్కీట్ దగ్గర ఇది ఓడిపోతుంది. మన సర్కారు తుమ్మలాగే అది భూమిలోపలి మొగ్గల నుంచి మళ్ళీ మొలుస్తుంది, కోసి మోసుకుపోతే మరుసటి ఏడు ఒక్కటికి అయిదు కొమ్మలతో లేస్తుంది. వేరు మొదలు నుంచి తీయాలంటే బ్యాక్‌హో (ట్రాక్టరు వెనక తగిలించే తవ్వే చెయ్యి) కావాలి, లేదా మందు పూయాలి. రూట్ గ్రాపుల్ అనే పేరు చూసి దీనితో మొదళ్ళు పెకలించవచ్చనుకుంటే, చిన్న ట్రాక్టరుకు అది శక్తికి మించిన పని. ముఖ్యంగా ఒక్క చివరి పన్నుతో రాయినో మొదలునో పెళ్ళగించబోతే బరువంతా ఒక పక్కనే పడి లోడర్ చేతులు మెలిపడతాయి. ఆ నష్టం ముందు గ్రాపుల్ ధర ఒక లెక్క కాదు. మెస్కీట్ ముళ్ళు టైర్లలో దిగడం వేరే తలనొప్పి, ముందు టైర్లలో సీలెంట్ పోయించుకోవడం తప్పనిసరి అనే చెప్పాలి.

వెనక బరువు లేకుండా ఈ పని చేయకూడదు. ముందు బరువెత్తినప్పుడు ముందు ఇరుసు ఇరుకున పడుతుంది, వెనక చక్రాలు తేలిపోతాయి, పల్లంలో బ్రేకు పట్టదు. నేల చదును చేసే బాక్స్ బ్లేడో, గడ్డి కోసే రోటరీ కట్టరో, బరువు పెట్టెయో ఏదో ఒకటి వెనక తగిలించి ఉండాలి. మేము వెనక టైర్లలో నీళ్ళలాంటి ద్రవం కూడా నింపించాము. దుంగలను మోకాలి ఎత్తుకు మించి లేపి నడపకూడదు. ట్రాక్టరు తిరగబడితే కాపాడే రోప్స్ కమ్మీ, లోడర్ చేతుల మీదుగా వెనక్కి దొర్లి వచ్చే దుంగ నుంచి కాపాడదు. నెత్తిన ఉండే ప్లాస్టిక్ గొడుగు ఎండకే గాని కట్టెకు అడ్డం కాదు. పైకెత్తి బాగా వెనక్కి వంచిన గ్రాపుల్‌లో దవడ కొంచెం వదులైతే గుండ్రటి దుంగకు దారి నేరుగా డ్రైవరు ఒళ్ళోకే ఉంటుంది.

నిర్వహణ తక్కువే. దవడ పిన్నులకు గ్రీజు కొట్టాలి. హోసులు తగిలించే ఫ్లాట్ ఫేస్ కప్లర్లతోనే కొంత చిరాకు: గ్రాపుల్‌ను విప్పి ఎండలో పడేస్తే, లోపల చిక్కుకున్న నూనె వేడికి వ్యాకోచించి, తిరిగి తగిలించేటప్పుడు ఎంత నొక్కినా కప్లర్ కూర్చోదు. విప్పే ముందే ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, దవడ మీటను రెండు వైపులా నొక్కి ఒత్తిడి వదిలించి, ఆ పైన నీడలో పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నా గ్రాపుల్‌లో నాకు నచ్చనిది హోసులు దవడ వెనక బయటికే వేలాడటం. ఒక కొమ్మ దూరి లాగితే తెగిపోతాయి, వాటికి ఉక్కు కవచం కంపెనీయే ఇచ్చి ఉండవలసింది. నేను పాత హోసు ముక్కలను చీల్చి తొడిగి, పట్టీలతో బిగించాను. అయితే సిలిండర్, హోసులు అన్నీ ప్రామాణిక సైజులవే కావడంతో, ఏది పోయినా తయారీదారు కోసం ఎదురుచూడకుండా దగ్గర్లోని హైడ్రాలిక్ షాపులో ఆ పూటే చేయించుకోవచ్చు.